ముందు పద్దా, ముందు పైకమా?

ఒక బ్యాంకు గుమాస్తాను ఊహించుకోండి. మనిషి నిజాయితీపరుడే. ఎవరైనా డబ్బు తీసుకోవడానికి వస్తే ముందుగా ఖాతా పుస్తకం చూస్తాడు. వారి పేర పైకం ఉంటే లెక్కపెట్టి చేతికిస్తాడు. అటుపైన పుస్తకంలో పద్దు రాస్తాడు. ఇందులో తప్పేమున్నది అంటారా?

2016 జూన్ 17న సరిగ్గా ఈ వరుస కారణంగానే ఒక నిధి నుండి సుమారు 36 లక్షల ఈథర్లు తరలిపోయాయి. ఈథర్ అంటే చేతితో పట్టుకోలేని, కంప్యూటర్ల లెక్కల్లో మాత్రమే ఉండే నాణెం. ఆనాటి ధరను బట్టి పోయిన సొమ్ము సుమారు 5 కోట్ల డాలర్లు. ఎవరూ తాళం పగలగొట్టలేదు, దొంగ సంతకం పెట్టలేదు. గుమాస్తా తనకు చెప్పిన పనిని చెప్పినట్లే చేశాడు. ఎందుకంటే ఆ గుమాస్తా మనిషి కాదు, ఒక కంప్యూటరు ప్రోగ్రాము!

ఒప్పందమే ప్రోగ్రాము

మన రైల్వే స్టేషన్లలో ఒకప్పుడు బరువు తూచే యంత్రాలు ఉండేవి. నాణెం వేస్తే బరువు అచ్చయిన చీటీ బయటికి వచ్చేది. ‘నాణెం వేస్తే చీటీ ఇస్తాను’ అన్న ఒప్పందాన్ని మనిషి అవసరం లేకుండా యంత్రమే నెరవేర్చేది. ఒప్పందాలను ఇలాగే కంప్యూటరు చేత నెరవేర్పించవచ్చునని 1990వ దశకంలో నిక్ సాబో అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు సూచించాడు. వీటికి ఆయన పెట్టిన పేరే ‘స్మార్ట్ కాంట్రాక్టు’.

2015 జులైలో ఎథీరియం అనే నెట్‌వర్కు ప్రారంభం కావడంతో ఈ ఊహ విస్తృతంగా ఆచరణలోకి వచ్చింది. ఇందులో వేలాది కంప్యూటర్లు ఒకే లెక్కల పుస్తకానికి నకళ్లు ఉంచుకొని, ఒకదాన్నొకటి సరిచూసుకుంటూ ఉంటాయి. ఈ పుస్తకాన్నే బ్లాక్‌చెయిన్ అంటారు. స్మార్ట్ కాంట్రాక్టులను ఎక్కువగా సాలిడిటీ అనే ప్రోగ్రాము భాషలో రాసి, ఈ పుస్తకంలోకి ఎక్కిస్తారు.

ఇక్కడే ఒక చిక్కున్నది. ముందుగా వేరే ఏర్పాటేదీ చేసి ఉంచకపోతే, ఒకసారి ఎక్కించిన ప్రోగ్రామును దాన్ని రాసినవారు కూడా దిద్దలేరు. ఎవరూ మార్చలేరు కనుకనే అందరూ నమ్ముతారు. కాని అందులో తప్పు దొర్లితే, ఆ తప్పు కూడా అలాగే ఉండిపోతుంది!

దొంగ ఎలా దూరాడు?

ఒక నిధిలో పదిమంది పదేసి నాణేలు దాచుకున్నారనుకుందాం. మొత్తం 100. ఆ పదిమందిలో ఒకడు దొంగ. అయితే అతడూ మనిషి కాదు, మరొక ప్రోగ్రామే. ఎథీరియంలో ఒక ప్రోగ్రాముకు డబ్బు చేరగానే, ఆ ప్రోగ్రాము తన సొంత ఆదేశాలను కొన్నింటిని వెంటనే నడపగలదు. దొంగ ఆదేశం ఒక్కటే: ‘డబ్బు అందగానే మళ్లీ అడుగు.’

దొంగ తన పది నాణేలు అడిగాడు. గుమాస్తా పుస్తకం చూశాడు, 10 ఉన్నది. ఇచ్చాడు. పద్దు రాయబోయేలోగా దొంగ మళ్లీ అడిగాడు. గుమాస్తా ఆ పని అక్కడే ఆపి, మళ్లీ పుస్తకం చూశాడు. అందులో ఇంకా 10 అనే ఉన్నది! మళ్లీ ఇచ్చాడు. ఇలా పదిసార్లు జరిగేసరికి నిధి ఖాళీ. అప్పుడు దొంగ అడగడం మానేశాడు. గుమాస్తా తీరుబడిగా ‘దొంగ ఖాతా: సున్నా’ అని పదిసార్లు రాసుకున్నాడు.

2016లో దెబ్బతిన్న నిధి పేరు ‘ది డావో’. వేలాదిమంది కలిసి అందులో 15 కోట్ల డాలర్లకు పైబడిన విలువగల ఈథర్లను వేశారు. అదృష్టవశాత్తు, తరలిపోయిన సొమ్ము కొన్ని వారాలపాటు బయటికి తీయడానికి వీల్లేని మరొక ఖాతాలో చిక్కుకున్నది. ఆ వ్యవధిలో పెద్ద చర్చ జరిగింది. చివరకు 2016 జులై 20న నెట్‌వర్కులోని ఎక్కువమంది లెక్కల పుస్తకాన్నే సవరించి, సొమ్మును సొంతదారులకు చేర్చే ఏర్పాటు చేశారు. ‘మార్చకూడని పుస్తకాన్ని మార్చడమేమిటి?’ అని కాదన్నవారు పాత పుస్తకాన్నే కొనసాగించారు. అదే ఎథీరియం క్లాసిక్. ఒక ప్రోగ్రాములోని పనుల వరుస తప్పడం ఒక నెట్‌వర్కునే రెండుగా చీల్చింది!

కొలిమీ, దాగలీ

కొత్త వంతెన మీద రైలును నడిపే ముందు బరువులు పెట్టి పరీక్షిస్తారు కదా? స్మార్ట్ కాంట్రాక్టులకు అలాంటి పరీక్షా సాధనాలు కలిగిన పనిముట్ల పెట్టెను ఫ్రేమ్‌వర్కు అంటారు. హార్డ్‌హ్యాట్, ఫౌండ్రీ అనేవి ఇలాంటివే. ఫౌండ్రీ అంటే లోహాలను పోతపోసే కార్ఖానా. అందులోని భాగాల పేర్లు కూడా తమాషాగా ఉంటాయి. ప్రోగ్రామును తయారుచేసి పరీక్షించేది ఫోర్జ్, అంటే కొలిమి. పరీక్షకోసం మన కంప్యూటరులోనే ఒక ఉత్తుత్తి బ్లాక్‌చెయిన్‌ను నడిపేది ఆన్విల్, అంటే దాగలి. ఆన్విల్‌ను నడపగానే 10 ఖాతాలు, ఒక్కొక్కదానిలో 10,000 ఉత్తుత్తి ఈథర్లు సిద్ధంగా ఉంటాయి. ఎన్ని పోగొట్టుకున్నా పైసా నష్టం లేదు.

మన నిధిని ఇక్కడ ఎలా పరీక్షించాలి? మూడు మెట్లు చాలు. ఒకటి, నిధిలో 100 నాణేలు వేయించాలి. రెండు, దొంగ ప్రోగ్రామును మనమే రాసి నిధి మీదికి వదలాలి. మూడు, ‘దొంగ వెళ్లాక నిధిలో కనీసం 90 ఉండాలి’ అని షరతు పెట్టాలి. పాత గుమాస్తా ఈ పరీక్షలో తప్పుతాడు. ఉండవలసింది 90, ఉన్నది సున్నా!

ఇప్పుడు వరుస మార్చుదాం. ముందు పుస్తకం చూడు, తర్వాత పద్దు రాయి, చివరకు పైకం ఇవ్వు. ఈసారి దొంగ రెండోసారి అడిగేసరికి పుస్తకంలో సున్నా ఉన్నది. ‘నీకు ఇవ్వవలసిందేమీ లేదు’ అంటాడు గుమాస్తా. మిగతావారి 90 నాణేలు భద్రం. కొత్తగా ఒక్క వాక్యమైనా రాయలేదు. ఉన్నవాటి స్థానాలు మార్చామంతే.

మనకు తోచని అంకెలు

దొంగ ఆలోచన మనకు ముందే తోచింది కనుక పరీక్ష రాయగలిగాము. తోచకపోతే? అందుకు ఫ్రేమ్‌వర్కులలో మరొక ఉపాయం ఉన్నది. షరతు మనం చెబితే చాలు, అంకెలను యంత్రమే ఎంచుకుంటుంది. మనం వేరుగా చెప్పకపోతే ఫౌండ్రీ ఒక్కొక్క షరతును 256 రకాల అంకెలతో పరీక్షిస్తుంది. సున్నా, అన్నిటికన్నా పెద్ద సంఖ్య వంటి అంచులను కూడా తడిమి చూస్తుంది.

ఈ అంచులతో పనేమిటి? పాత కార్ల మీటరు 99999 దాటగానే 00000కు వస్తుంది. సాలిడిటీలోని మామూలు సంఖ్యలకూ అటువంటి హద్దున్నది, కాకపోతే అది 78 అంకెల సంఖ్య! 2018 ఏప్రిల్‌లో బ్యూటీచెయిన్ అనే నాణెం విషయంలో ఒకరు ఈ హద్దులో సరిగ్గా సగాన్ని ఇద్దరికి పంపమన్నారు. ప్రోగ్రాము రెండుతో గుణించింది. మీటరు తిరిగి జవాబు సున్నా అయింది. పంపేవాడి ఖాతానుండి సున్నా తగ్గింది, ఆ ఇద్దరికీ మాత్రం అంతులేని నాణేలు చేరాయి. 2020 డిసెంబరులో వచ్చిన సాలిడిటీ 0.8 నుండి ఇలా హద్దు దాటిన లెక్కను భాషే ఆపివేస్తున్నది.

అయితే ఒక్క మాట గుర్తుంచుకోండి. ఏ పరీక్ష అయినా మనం అడిగిన ప్రశ్నకే జవాబు చెబుతుంది. అడగని ప్రశ్న దగ్గరే ప్రమాదం పొంచి ఉంటుంది. అందుకే పరీక్షలు నెగ్గిన ప్రోగ్రామును కూడా వేరే నిపుణుల చేత చదివిస్తారు. విలువలేని నాణేలతో నడిచే సెపోలియా అనే ప్రయోగ నెట్‌వర్కు మీద నడిపి చూస్తారు.

మీరే చేసి చూడండి

కంప్యూటరు లేకపోయినా ఫరవాలేదు, కాగితం, పెన్సిలు చాలు. ఒక యంత్రం ప్రతి లెక్కలోనూ చివరి అంకెను మాత్రమే ఉంచుకుంటుందనుకోండి. అంటే దానికి 5ను 2తో గుణిస్తే సున్నా. మీ ఖాతాలో 3 నాణేలే ఉన్నాయి. 2 నుండి 9 మంది వరకు, ఒక్కొక్కరికి 1 నుండి 9 నాణేల వరకు పంపవచ్చు. ఏ ఏ జతల దగ్గర ఈ యంత్రం మోసపోతుందో పట్టిక వేయండి. ఆ తర్వాత ఈ మోసాన్ని పట్టే షరతును ఒక్క వాక్యంలో రాయండి. చిన్న సూచన: గుణించగా వచ్చిన జవాబును, మంది సంఖ్యతో తిరిగి భాగించి చూడండి.