ఒక్క పనికే పుట్టిన పెట్టెలు

మీకు తెలుసా? కెమెరా, టార్చిలైటు, అలారం గడియారం, పాటల పెట్టె అన్నీ స్మార్ట్‌ఫోన్‌లో కలిసిపోయాయని మనం అనుకుంటున్న రోజుల్లోనే, ఒకే ఒక్క పని చేసే కొత్త యంత్రం ఒకటి పుట్టి మన వీధి వీధికీ పాకింది. డబ్బు పడిందని పైకి చెప్పడమే దాని పని. అదే సౌండ్‌బాక్స్.

యూపీఐ 2016లో మొదలైంది. అప్పట్లో ఖాతాలో డబ్బు పడిన సంగతి కొట్టువాళ్లకు ఫోన్‌కు వచ్చే మెసేజీతోనే తెలిసేది. పొద్దున ఎనిమిదింటికి ఏ ఇడ్లీబండి దగ్గరైనా కాసేపు నిలబడి చూడండి. బండి నడిపే ఆమె ఒక చేత్తో ఇడ్లీలు తీస్తూ ఉంటుంది, ఇంకో చేత్తో చట్నీ పోస్తూ ఉంటుంది. నలుగురు ఒకేసారి క్యూఆర్ కోడ్ ముందు ఫోన్లు పెట్టి "కొట్టేశానక్కా" అంటారు. ఆ తడి చేతులతో ఫోన్ తీసి, లాక్ తెరిచి, ఎవరిది ఎంత పడిందో చూసుకోవడం అయ్యే పని కాదు. పైగా ఖాతాకు జోడించిన నంబరున్న ఫోన్ ఇంట్లోనో, భర్త జేబులోనో ఉండొచ్చు. పాత స్క్రీన్‌షాట్ చూపించి జారుకునేవాళ్లూ ఉంటారు. సౌండ్‌బాక్స్ ఈ చిక్కులన్నిటినీ ఒక్క మాటతో విప్పేసింది. దాని సిమ్ దానికి ఉంటుంది కాబట్టి యజమాని ఫోన్‌తో పనిలేదు. చెల్లింపు పూర్తయిందని సర్వర్ నుంచి కబురు అందగానే, అంకెను తెలుగులోనే అందరికీ వినపడేలా చదువుతుంది. ఫోన్‌పే 2024లో తన స్మార్ట్‌స్పీకర్లకు మహేశ్‌బాబు గొంతు కూడా పెట్టింది. చేతిలో ఇంత తెలివైన ఫోన్ ఉండగా, నెలనెలా అద్దె కట్టి మరీ ఈ చిన్న పెట్టెను ఉంచుకుంటున్నారంటే అవసరం ఎంత గట్టిదో అర్థమవుతుంది.

దీనికి ఎదురు కథ అమెరికాలో జరిగింది. ప్యూర్ డిజిటల్ అనే కంపెనీ ఫ్లిప్ అనే చిన్న వీడియో కెమెరా తయారుచేసింది. వెనకవైపు ఒక ఎర్ర బటన్. నొక్కితే రికార్డింగ్ మొదలు, మళ్లీ నొక్కితే ఆగుతుంది. పక్కన మడిచి ఉన్న యూఎస్‌బీ పిన్నును తెరిచి నేరుగా కంప్యూటర్‌కు పెట్టేయొచ్చు, కేబుల్ వెతుక్కోనక్కర్లేదు. అంత సులువైన కెమెరా అదివరకు లేదు. 2009లో సిస్కో ఆ కంపెనీని 59 కోట్ల డాలర్లకు కొంది. అదే ఏడాది జూన్‌లో వచ్చిన ఐఫోన్ 3జీఎస్‌లో వీడియో తీసే సౌకర్యం వచ్చేసింది. 2011 ఏప్రిల్‌లో సిస్కో ఫ్లిప్ వ్యాపారానికి తాళం వేసింది. ఐపాడ్ ఇంకొంచెం ఎక్కువ కాలమే నిలిచింది. 2001 అక్టోబర్‌లో వచ్చి 2022 మేలో ఆగిపోయింది. దాన్ని మింగింది దాని తోబుట్టువే. 2007 జనవరిలో ఐఫోన్‌ను చూపించినప్పుడు స్టీవ్ జాబ్స్ మొదట చెప్పిన మాటే ఇందులో ఐపాడ్ ఉందని.

ఫ్లిప్ పోయింది బాగోలేక కాదు. సౌండ్‌బాక్స్ బతికింది గొప్ప యంత్రం కావడం వల్ల కాదు. ఫోన్ పనిని మింగగలదు గానీ, ఆ పని జరిగే చోటునీ వేళనీ మింగలేదు. పెళ్లిలో, పార్కులో వీడియో తీసే మనిషి చేతిలో ఫోన్ ఎలాగూ ఉంటుంది, ఫ్లిప్‌కు కావలసిన కటకం, తెర, మెమరీ అన్నీ అందులో ఉన్నాయి. ఇడ్లీబండి దగ్గర అలా కుదరదు. ఏ పరికరం మిగులుతుంది, ఏది పోతుంది అన్నదానికి నాకు కనిపిస్తున్న లెక్క ఇదే.

ఈ లెక్కకు ఆక్సీమీటర్‌ను మించిన రుజువు లేదు. శాంసంగ్ 2014లోనే గెలాక్సీ నోట్ 4 వెనకభాగంలో, రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే సెన్సార్ పెట్టింది. దాని గొడవ పెద్దగా ఎవరికీ పట్టలేదు. 2020 మొదట్లో వచ్చిన గెలాక్సీ ఎస్20లో ఆ సెన్సార్‌ను తీసేశారు. సరిగ్గా అప్పుడే కరోనా వచ్చింది! 2021 ఏప్రిల్, మే నెలల్లో ప్రతి మందుల షాపు ముందూ జనం అడిగింది వేలికి తగిలించే ఆ చిన్న క్లిప్పునే. అది చేసే పని చూడటానికి చిన్నదే గానీ చాలా నేర్పున్న పని. వేలికి ఒకవైపు రెండు దీపాలుంటాయి. ఒకటి 660 నానోమీటర్ల ఎర్ర కాంతి, రెండోది 940 నానోమీటర్ల పరారుణ కాంతి, అంటే మన కంటికి కనపడనిది. ఆక్సిజన్ మోస్తున్న హిమోగ్లోబిన్ పరారుణాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది, ఆక్సిజన్ లేనిది ఎరుపును ఎక్కువగా పీల్చుకుంటుంది. వేలి అవతలివైపుకు ఏ కాంతి ఎంత చేరిందో కొలిస్తే శాతం తేలుతుంది. మరి చర్మం, ఎముక, సిరలు కూడా కాంతిని ఆపుతాయి కదా? అవి ఎప్పుడూ ఒకేలా ఆపుతాయి. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఉబ్బి తగ్గేది ధమనుల్లోని రక్తమే. ఆ హెచ్చుతగ్గులను మాత్రమే లెక్కలోకి తీసుకోవాలన్న ఆలోచన జపాన్‌లోని నిహాన్ కోడెన్ కంపెనీ ఇంజనీర్ టకుఓ అవోయాగిది. 1970ల మొదట్లో ఆయన కనిపెట్టిన ఈ పద్ధతి ఆపరేషన్ థియేటర్లలో ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో చెప్పలేం. ప్రపంచమంతా ఆ క్లిప్పు కోసం వెతుకుతున్న రోజుల్లో, 2020 ఏప్రిల్‌లో ఆయన కన్నుమూశారు. ఆయన పేరు మన బడి పుస్తకాల్లో ఉండాలని నా కోరిక.

అప్పట్లో ఫోన్ కెమెరా మీద వేలు పెడితే ఆక్సిజన్ చెబుతామనే యాప్‌లు కూడా పుట్టుకొచ్చాయి. మామూలు ఫోన్ వెనక ఉండేది ఫ్లాష్ దీపపు తెల్ల కాంతి. అవసరమైన ఆ రెండో దీపం అందులో లేదు. వేలిముద్రలు కాజేసే అవకాశం ఉందని, అలాంటి యాప్‌లను నమ్మొద్దని కేంద్ర ప్రభుత్వ సైబర్ విభాగం హెచ్చరించాల్సి వచ్చింది. లేని పరికరాన్ని యాప్‌తో సృష్టించలేం, ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఈ తేడా తెలిసి ఉండాలి.

కాలిక్యులేటర్ సంగతి వేరు. ఫోన్‌లో లేనిదేదీ అందులో లేదు. అది బతికింది ముఖ్యంగా పరీక్ష హాల్లోకి ఫోన్‌ను రానివ్వరు కాబట్టి. ఇంజనీరింగ్ పిల్లల సంచిలో కాసియో ఎఫ్ఎక్స్-991, సీఏ పరీక్షలు రాసేవాళ్ల బల్ల మీద పెద్ద బటన్ల లెక్కల యంత్రం ఇంకా ఉన్నాయి. అయితే గేట్ పరీక్షలో కంప్యూటర్ తెర మీదే కాలిక్యులేటర్ ఇస్తున్నారు. దానికి అసలు గండం అటునుంచి ఉంది. కిరాణా కొట్టులో మాత్రం ఇప్పట్లో ఢోకా లేదు. బిల్లు కూడేటప్పుడు ఫోన్ మోగితే తెర మారిపోతుంది, మొత్తాలన్నీ కలిపి చూపే జీటీ బటన్ ఉన్న కాలిక్యులేటర్‌కు ఆ బెడద లేదు.

అమెజాన్ కిండిల్ 2007 నవంబర్ 19న అమ్మకానికి వచ్చింది. ధర 399 డాలర్లు, ఐదున్నర గంటల్లో సరుకంతా అయిపోయింది. ఐఫోన్ వచ్చిన ఏడాదే ఇదీ వచ్చింది, ఐపాడ్ పోయాక కూడా ఇంకా అమ్ముడవుతోంది. కారణం దాని తెర. అమెరికాలోని ఎంఐటీ నుంచి 1997లో బయటికొచ్చిన ‘ఈ-ఇంక్’ అనే కంపెనీది ఆ తెర. అందులో కంటికి ఆనని బుడగలు లక్షల్లో ఉంటాయి. ఒక్కో బుడగలో తెల్ల రేణువులు, నల్ల రేణువులు వేర్వేరు విద్యుదావేశాలతో తేలుతుంటాయి. కరెంటు ఇచ్చిన తీరును బట్టి ఒక రంగువి పైకి, రెండోవి కిందికి పోతాయి. తర్వాత కరెంటు తీసేసినా అక్షరం అక్కడే ఉండిపోతుంది. పేజీ తిప్పినప్పుడే ఖర్చు, అందుకే ఛార్జింగ్ వారాల తరబడి వస్తుంది. ఎండలో ఫోన్ తెర వెలవెలబోతే, ఇది కాగితంలా ఎండ ఎక్కువయ్యేకొద్దీ ఇంకా బాగా కనిపిస్తుంది. తెలుగు చదువరిగా నాకు ఒక బాధ ఉంది. 2016 చివర్లో కిండిల్‌లో భారతీయ భాషల పుస్తకాలను మొదలుపెట్టినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు. కళ్లకు ఇంత హాయిగా ఉండే పరికరం మన భాషకు మొదటి వరసలో దక్కకపోవడం నష్టమే.

పెద్దవాళ్ల చేతుల్లోకి మరో పెట్టె వచ్చింది. సరిగమ కంపెనీ, అంటే మన పాత హెచ్ఎంవీ, 2017లో కారవాన్ తెచ్చింది. చూడటానికి ట్రాన్సిస్టర్, లోపల 5,000 పాత పాటలు, తిప్పడానికి గుండ్రటి మీట, ఇంటర్నెట్‌తో నిమిత్తం లేదు. తర్వాత తెలుగు కారవాన్ కూడా వచ్చింది. ప్రతి పాటా యూట్యూబ్‌లో ఉండగా ఇదెందుకని అడిగేవాళ్లు, మధ్యలో వచ్చే ప్రకటనను ఎలా దాటించాలో తెలియక ఫోన్ పక్కన పెట్టేసే పెద్దావిడను చూసి ఉండరు. ఆమెకు యాప్ నేర్పించాలనే పట్టుదల కంటే ఆమె చేతికి అలవాటైన మీట ఇవ్వడమే మర్యాద అంటాను.

కారు అద్దం దగ్గర పెట్టుకునే దారి చూపే పెట్టెలు గుర్తున్నాయా? 2009 అక్టోబర్ 28న గూగుల్ తన మ్యాప్స్‌లో దారి చెప్పే సౌకర్యాన్ని ఉచితంగా ఇస్తామనగానే, ఆ పెట్టెలు చేసే గార్మిన్ కంపెనీ షేరు ఒక్క రోజులో 16 శాతం దాకా పడింది. అంతటితో దాని పని అయిపోయిందనుకున్నారు. గార్మిన్ కారును నమ్ముకోవడం తగ్గించి, పరుగు పందేల వాళ్ల మణికట్టు, విమానం కాక్‌పిట్, పడవల మీద ఎక్కువగా ఆధారపడింది. 2008లో దాదాపు 350 కోట్ల డాలర్లున్న రాబడి 2024లో 630 కోట్లకు చేరింది.

పడవలంటే మన తీరం సంగతి చెప్పాలి. ఒడ్డు నుంచి 10, 12 కిలోమీటర్లు దాటితే వేటకు వెళ్లినవాళ్ల ఫోన్‌లో సిగ్నల్ ఉండదు. 2017లో ఓఖీ తుపాను వచ్చినప్పుడు కేరళ, తమిళనాడు మత్స్యకారులు ఎంతోమంది అంతకంటే చాలా దూరంలో ఉన్నారు, హెచ్చరిక వాళ్లకు అందలేదు. ఆ తర్వాత హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీతో కలిసి జెమిని అనే పెట్టెను తెచ్చింది. 2019 అక్టోబర్‌లో విడుదలైంది. విమానాలకు దారి చూపడానికి పెట్టిన గగన్ ఉపగ్రహ వ్యవస్థ ద్వారా తుపాను హెచ్చరికలు, చేపలు దొరికే చోట్లు ఈ పెట్టెకు అందుతాయి. దీనికి తెర లేదు. బ్లూటూత్ ద్వారా మత్స్యకారుడి ఫోన్‌కే పంపితే, అక్కడి యాప్ ప్రాంతీయ భాషల్లో చూపిస్తుంది. సిగ్నల్ లేని ఫోన్ అలా తెరగా పనికొస్తోంది.

జెమినితో కబురు వినడమే గానీ చెప్పడం కుదరదు. ఆపదలో ఉన్నామని చెప్పే బటన్లున్న ఇస్రో పరికరం 2010 నుంచే పడవల్లో ఉంది. దాన్ని నొక్కితే సంకేతం ఉపగ్రహం మీదుగా బెంగళూరు కేంద్రానికి, అక్కణ్నుంచి తీర రక్షక దళానికి వెళుతుంది. అయితే ఒక పెద్ద లోటుండేది. అది చేరిందో లేదో పడవలో ఉన్నవాళ్లకు తెలిసేది కాదు. 2024 జనవరిలో ఇస్రో తెచ్చిన కొత్త తరం పరికరంలో ఆ లోటు తీరింది. బటన్ నొక్కినవాళ్లకు మీ కబురు అందిందని కేంద్రం నుంచి తిరుగు జవాబు వస్తుంది.