పెరటి మునగాకు

మునగకాయలు సంతకు పోతున్నవి, ఆకు మేకల పాలవుతున్నది. అదే ఇంట్లో పసివాడు సందె చీకట్లో తడుముకుంటూ నడుస్తుంటాడు. అది రేచీకటి. అశ్రద్ధ చేస్తే చూపే పోవచ్చు. వెంటనే డాక్టరుకు చూపించండి.

ఈ జబ్బు రాకుండా కాపాడేది విటమిను ఎ. మునగాకు, తోటకూర, పాలకూరల్లోని కెరోటీన్ మన ఒంట్లో ఆ విటమినుగా మారుతుంది. అయితే ఒక మెలిక ఉన్నది: కెరోటీన్ కరిగేది నూనెలో, నీటిలో కాదు. ఉత్త నీళ్ళలో ఉడికించి పెడితే ఒంటికి పట్టేది కొంచెమే. పప్పులో వేసి, చెంచాడు నూనెతో తాలింపు పెట్టించండి. విటమిను సి సంగతి వేరు, అది నీళ్ళలో కొట్టుకుపోతుంది. అందుకని ఆకు కడిగాకే తరగాలి, ఉడికిన నీళ్ళు పారబోయరాదు.

పిల్లలకు ఆకు అరగదని ముసలమ్మలు అంటారు. మెత్తగా ఉడికించి మెదిపితే ఏడాది బిడ్డకూ అరుగుతుంది.