వణుకుడు జబ్బులో నొప్పి ఎందుకు?

ప్రశ్న: మా నాయినకు పార్కిన్సన్స్. వణుకు కన్నా భుజం నొప్పి, తెల్లారగట్ల కాలివేళ్లు ముడుచుకుపోవుడే ఎక్కువ తిప్పలు పెడుతున్నయి. ఇవి కూడా ఆ జబ్బువేనా? (సిద్దిపేట)

జవాబు: చాలావరకు ఆ జబ్బువే కావచ్చు. 1817లో దీన్ని వర్ణించిన లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ కూడా రోగుల చేతుల్లో కీళ్లవాతం లాంటి నొప్పులను గమనించాడు.

ఎందుకు వస్తాయి?

ఈ జబ్బులో డోపమైన్‌ను తయారుచేసే మెదడు కణాలు నశిస్తాయి. డోపమైన్ పని కదలికలతోనే అయిపోదు. ఒంట్లోంచి వచ్చే నొప్పి కబురును అదుపులో ఉంచడంలోనూ దానికి పాత్ర ఉంది. అది తగ్గితే చిన్న నొప్పి కూడా పెద్దగా తెలుస్తుంది. ఈ జబ్బుకు ఇచ్చే లెవోడోపా మాత్ర పనిచేస్తున్నంతసేపు చాలామందికి నొప్పి ఓర్చుకునే శక్తి పెరుగుతుందని పరీక్షల్లో తేలింది.

ఎలా వస్తాయి?

కండరాలు బిగుసుకుని భుజం, మెడ, నడుము లాగుతాయి. కొందరికి వణుకు కనబడక ముందే భుజం పట్టేస్తుంది. దాన్ని కీళ్ల జబ్బనుకుని ఏళ్లు గడిపేస్తారు. రాత్రి వేసిన మందు బలం తెల్లవారేసరికి తగ్గిపోతుంది. అప్పుడు పాదం లోపలికి తిరిగి, వేళ్లు ముడుచుకుపోతాయి. ఇంకొందరికి ఏ దెబ్బా లేకుండానే మంటలు, పోట్లు వస్తాయి.

ఏం చేయాలి?

మాత్ర వేసిన వేళ, నొప్పి వచ్చిన వేళ, తగ్గిన వేళ ఒకే కాగితం మీద వారం రోజులు రాయండి. మాత్రకు ముందు పెరిగి, వేశాక తగ్గుతోందంటే మోతాదును, వేళలను డాక్టరు సరిచేయగలరు. మీ అంతట మీరు మాత్ర ఆపకండి, పెంచకండి. పప్పు, మాంసం, పాలలోని మాంసకృత్తులు లెవోడోపాను సరిగా ఒంటికి పట్టనివ్వవు. అందుకే దాన్ని తిండికి అరగంట ముందు వేయడం మంచిదంటారు. లెవోడోపాకు తోడుగా ఇచ్చే సాఫినమైడ్ మందుపై జరిగిన అంతర్జాతీయ పరీక్షల్లో కొన్నింటికి అప్పట్లో హైదరాబాద్ నిమ్స్‌లో ఉన్న వైద్యుడు రూపమ్ బొర్గొహైన్ నాయకత్వం వహించారు. అది వాడినవారిలో నొప్పి మాత్రల అవసరం కొంత తగ్గినట్టు తర్వాతి విశ్లేషణల్లో కనిపించింది.

అయితే ప్రతి నొప్పినీ ఈ జబ్బు ఖాతాలో వేయకండి. షుగరు, మోకాళ్ల అరుగుదల కూడా నొప్పి తెస్తాయి. ఛాతీలో నొప్పి వస్తే క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఒక్క మాట మరవకండి. ఈ జబ్బులో ముఖ కండరాలు కూడా బిగుస్తాయి. లోపల ఎంత బాధ ఉన్నా ముఖంలో కనబడదు. చూసి తెలుసుకోవడం కుదరదు కాబట్టి, రోజూ మీ నాయిన పక్కన కూర్చుని అడగండి. మాట మెల్లగా వస్తుంది, పూర్తయ్యేదాకా ఆగండి.