టూడీ కార్టూన్ యానిమేషన్: పద్ధతులు, సాఫ్ట్‌వేర్లు, తెలుగు పలుకుకు తగిన నోటి చిత్రాలు

వ్యాస సంగ్రహం

గీసిన బొమ్మకు కదలికను కల్పించే కళ టూడీ కార్టూన్ యానిమేషన్. ఉచిత సాఫ్ట్‌వేర్లు అందుబాటులోకి వచ్చిన తరువాత ఒక్కరే ఒక చిన్న చిత్రాన్ని పూర్తిచేయడం సాధ్యమైంది. అయితే బొమ్మ తెలుగులో మాట్లాడవలసి వచ్చినప్పుడు, ఇంగ్లీషు ధ్వనులను ఆధారం చేసుకొని రూపొందిన నోటి పట్టికలు పూర్తిగా సరిపోవు. సరళమైన యానిమేషన్ పద్ధతులను, సాఫ్ట్‌వేర్లను పరిచయం చేసి, తెలుగు వర్ణాల ఉచ్చారణ స్థానాల ఆధారంగా ఏడు నోటి చిత్రాల పట్టికను ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: టూడీ యానిమేషన్, కీ ఫ్రేమ్, కటౌట్ పద్ధతి, పెదవుల కదలిక, ఓష్ఠ్యాలు, ద్విత్వం, అనుస్వారం.

1. ప్రవేశిక

సినిమా తెర మీద సెకనుకు 24 నిశ్చల చిత్రాలు వరుసగా కనబడతాయి. చూపు వాటిని విడివిడిగా పట్టుకోలేక ఒకే కదలికగా గ్రహిస్తుంది. ఈ లెక్కన ఒక్క నిమిషం చిత్రానికి 1,440 ఫ్రేములు కావాలి. ఒక్కొక్క బొమ్మను రెండేసి ఫ్రేముల పాటు నిలిపితే 720 బొమ్మలు చాలు. సాధారణ కార్టూన్ కదలికలకు ఈ పద్ధతి సరిపోతుంది. యానిమేషన్ చరిత్రను ఒక కోణంలో చూస్తే, ఏ బొమ్మను మళ్లీ గీయనవసరం లేదో కనిపెట్టుకుంటూ వచ్చిన చరిత్ర అనవచ్చు.

ఫ్రాన్సులో ఎమిల్ కోల్ 1908లో 'ఫాంటస్మాగోరీ' అనే చిత్రాన్ని చేతిగీతలతో రూపొందించాడు. అమెరికాలో విన్సర్ మెకే 1914లో 'గర్టీ ద డైనోసార్' తీసినప్పుడు పాత్రతోపాటు వెనుకనున్న కొండలను, నేలను కూడా ప్రతి బొమ్మలో తిరిగి గీయవలసి వచ్చింది. అదే కాలంలో ఎర్ల్ హర్డ్ పారదర్శకమైన సెల్యులాయిడ్ రేకు మీద పాత్రను గీసి, ఒకే నేపథ్యచిత్రం మీద పరిచే పద్ధతికి పేటెంటు పొందాడు. నేటి సాఫ్ట్‌వేర్లలో కనిపించే 'లేయర్' ఆ రేకుకు వారసురాలే.

2. సరళ యానిమేషన్ పద్ధతులు

2.1 ఫ్రేమ్ వెంట ఫ్రేమ్ గీయడం: కదలికలోని ముఖ్యమైన భంగిమలను ముందుగా గీస్తారు. వీటిని కీ ఫ్రేములు అంటారు. తరువాత వాటి నడుమ బొమ్మలను పూరిస్తారు. బంతి ఎగిరే దృశ్యంలో నేలను తాకిన క్షణం, పైకి చేరిన క్షణం కీ ఫ్రేములవుతాయి. పైభాగంలో బంతి నెమ్మదిస్తుంది కనుక అక్కడ బొమ్మలు దగ్గరదగ్గరగా, నేలను సమీపించేటప్పుడు దూరదూరంగా ఉండాలి. ఈ ఎడం తప్పితే బంతికి బరువు లేనట్లు కనిపిస్తుంది. ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో తమ గ్రంథంలో వివరించిన పన్నెండు యానిమేషన్ సూత్రాలలో ఇటువంటి కాలనియమాలకు ముఖ్యస్థానం ఉంది.

2.2 కటౌట్ పద్ధతి: తల, మొండెం, చేతులు, కాళ్లను విడివిడిగా తయారుచేసి, కీళ్ల వద్ద జోడించి కదిలిస్తారు. జర్మనీకి చెందిన లోటె రైనిగర్ 1926లో కత్తిరించిన ఛాయారూపాలతో పూర్తి నిడివి చిత్రాన్ని రూపొందించింది. తెలుగువారికి ఈ సూత్రం కొత్తది కాదు. తోలుబొమ్మలాటలో బొమ్మ అవయవాలను విడిగా కత్తిరించి, కీళ్ల వద్ద ముడివేసి, పుల్లలతో ఆడిస్తారు. తోలుబొమ్మ పెదవులు కదలవు. మాట్లాడుతున్న పాత్ర ఏదో దాని చేతుల ఊపును, తల కదలికను బట్టి ప్రేక్షకుడు తెలుసుకుంటాడు. కంప్యూటరులో 'ఎముకలు' అమర్చి బొమ్మను ఆడించే పద్ధతికి మూలసూత్రం ఇదే.

2.3 ట్వీనింగ్: రెండు కీ ఫ్రేములు ఇస్తే నడుమ స్థితులను సాఫ్ట్‌వేరే లెక్కగట్టి పూరిస్తుంది. శ్రమ తగ్గుతుంది కాని, ఎక్కడ వేగం పెరగాలో, ఎక్కడ ఆగాలో నిర్ణయించే బాధ్యత యానిమేటరుదే.

2.4 పరిమిత యానిమేషన్: టెలివిజన్ ధారావాహికల తక్కువ వ్యయానికి అనుగుణంగా 1957 నుంచి హానా-బార్బెరా సంస్థ దీనిని విస్తృతంగా వాడింది. శరీరం నిశ్చలంగా ఉండగా కళ్లు, నోరు, ఒక చేయి మాత్రమే మారతాయి. ఒంటరిగా చిత్రం తీసేవారికి ఇదే అనువైన మార్గం. అయితే శరీరం కదలనప్పుడు ప్రేక్షకుడి చూపు నోటి మీదనే నిలుస్తుంది. అందువల్ల నోటి కదలికలోని పొరపాటు ఇక్కడ స్పష్టంగా బయటపడుతుంది.

3. అందుబాటులోని సాఫ్ట్‌వేర్లు

పెన్సిల్‌టూడీ చేతిగీతల అభ్యాసానికి తగిన చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్. క్రిటా ప్రధానంగా చిత్రలేఖనానికి ఉద్దేశించినదైనా ఫ్రేమ్ వెంట ఫ్రేమ్ గీసే సౌకర్యం కూడా కలిగి ఉంది. సిన్‌ఫిగ్ స్టూడియో ట్వీనింగుకు, ఎముకల అమరికకు అనుకూలమైనది. ఇటలీలో రూపొంది, జపానులోని జీబ్లీ స్టూడియో వాడిన టూన్జ్ 2016లో ఓపెన్‌టూన్జ్ పేరుతో ఉచితంగా విడుదలైంది. కాగితం మీద గీసిన బొమ్మలను స్కాన్ చేసి రంగులు వేయడానికి ఇది అనువైనది. బ్లెండర్‌లోని గ్రీజ్ పెన్సిల్ త్రీడీ ప్రదేశంలో టూడీ గీతలు గీయనిస్తుంది. వెల చెల్లించి వాడేవాటిలో అడోబీ యానిమేట్, టూన్ బూమ్ హార్మొనీ, మోహో ప్రసిద్ధమైనవి. వీటిలో అడోబీ యానిమేట్ ఒకనాటి ఫ్లాష్‌కు 2016లో పెట్టిన పేరు.

మాటను వింటూ నోటి చిత్రాలను అమర్చడానికి పాపగాయో, రూబార్బ్ లిప్ సింక్ వంటి ఉచిత ఉపకరణాలు ఉన్నాయి. రూబార్బ్‌లో ఇంగ్లీషు మాటలను గుర్తించే విధానంతోపాటు, ఏ భాషకైనా ధ్వనిని మాత్రమే ఆధారం చేసుకొనే మరొక విధానం ఉంది. తెలుగుకు రెండవదాన్ని ఎంచుకొని, ఫలితాన్ని చేతితో సరిదిద్దుకోవడం మేలు.

4. తెలుగుకు తగిన నోటి పట్టిక

వ్యాకరణం చెప్పే ఉచ్చారణ స్థానాలలో పెదవుల వద్దనుండేవే ప్రేక్షకుడికి ప్రధానంగా కనబడతాయి. నోటి లోపల పుట్టే క, ట వర్గాలకు ప్రత్యేక చిత్రాలు అక్కరలేదు. అవి పక్కనున్న అచ్చు రూపాన్ని పొందుతాయి. ఈ దృష్టితో ఏడు చిత్రాలు సరిపోతాయి:

1) విశ్రాంతి: మౌనంలో పెదవులు తేలికగా కలిసిన స్థితి.
2) గట్టిగా మూసిన పెదవులు: ప, ఫ, బ, భ, మ.
3) కొద్దిగా తెరచిన నోరు: అ.
4) బాగా తెరచిన నోరు: ఆ.
5) సాగిన పెదవులు: ఇ, ఈ, ఎ, ఏ. త, ద, న, ల, స వంటి హల్లులకూ అవసరమైతే దీనినే వాడవచ్చు.
6) గుండ్రని పెదవులు: ఉ, ఊ, ఒ, ఓ.
7) పై పళ్లను తాకిన కింది పెదవి: వ. 'ఆఫీసు', 'కాఫీ' వంటి అన్యదేశ్యాలలోని ఫకారానికీ ఇదే.

ఈ పట్టికతోపాటు తెలుగుకు సంబంధించిన మూడు విశేషాలను గమనించాలి. మొదటిది ద్విత్వం. 'అమ్మ', 'అబ్బ', 'చెప్పు' వంటి మాటలలో పెదవులు ఒంటి హల్లులో కంటే ఎక్కువసేపు మూసి ఉంటాయి. ఇంగ్లీషు స్పెల్లింగులో జంటగా రాసే అక్షరాలకు సాధారణంగా ఈ నిడివి ఉండదు. రెండవది అనుస్వారం. 'పంపు'లో సున్న పెదవులను మూయిస్తుంది. 'పంట', 'వంకాయ'లలో మూయించదు. కనుక లిపిని చూసి కాక పలుకును విని చిత్రాన్ని ఎంచుకోవాలి. మూడవది పదాంతం. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. అందువల్ల వాక్యం చివర నోటిని ఠక్కున మూయక, అచ్చు చిత్రాన్ని కొద్దిసేపు నిలిపి విశ్రాంతికి తేవాలి.

5. ఉదాహరణ

'అమ్మా, నీళ్లు!' అనే మాటకు ఒక సెకను పట్టిందనుకుంటే 24 ఫ్రేములను ఇలా పంచవచ్చు: 1–2 ఫ్రేములలో అకారం (3వ చిత్రం), 3–6లో మ్మ (2వ చిత్రం), 7–12లో ఆకారం (4వ చిత్రం), 13–14లో విరామం (1వ చిత్రం), 15–18లో నీ (5వ చిత్రం), 19–22లో ళ్లు (6వ చిత్రం), 23–24లో విశ్రాంతి (1వ చిత్రం). 'ళ్ల' మూర్ధన్యమైనందున దానికి వేరే చిత్రం లేదు. సాగిన పెదవులు గుండ్రమవడంతోనే అది వ్యక్తమవుతుంది. మ్మకు నాలుగు ఫ్రేములు కాక రెండే ఇస్తే ప్రేక్షకుడికి ఆ ఒత్తు అందదు. పాత్ర ఏడుస్తూ పిలిస్తే ఆకారం మరింత సాగుతుంది. కాబట్టి ముందుగా గొంతును రికార్డు చేసి, ఆ తరువాతనే బొమ్మలను అమర్చడం సరైన క్రమం.

6. ముగింపు

ఇతర భాషల నుంచి అనువదించిన కార్టూన్లలో నోటి చిత్రాలు ముందే మరొక భాషకు గీసినవి కనుక తెలుగు మాటకు, పెదవులకు పొంతన కుదరడం కష్టం. తెలుగులోనే కొత్తగా చిత్రం తీసేవారికి ఆ ఇబ్బంది లేదు. అయినా ఇంగ్లీషు పట్టికనే యథాతథంగా వాడితే, సొంత చిత్రం కూడా డబ్బింగ్ చిత్రంలాగే కనిపిస్తుంది. దీనిని నివారించడానికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ కన్నా పలుకు మీద శ్రద్ధ అవసరం. ఇంట్లో తెలుగు తక్కువగా వినే పిల్లలకు 'అమ్మ'లోని ఒత్తు చెవితోపాటు కంటికీ అందడం చిన్న విషయం కాదు. వర్ణాల ఉచ్చారణ స్థానాలను బోధించే తెలుగు అధ్యాపకుడు, బొమ్మ గీసే యానిమేటరు కలిసి పనిచేయదగిన రంగం ఇది.