ఆడపని, మగపని, కూలి

కందకుర్తి వద్ద మంజీర, హరిద్ర నదులు గోదావరిలో సంగమించుచున్నవి. నేటి మా ప్రసంగము ఆ పుణ్యతీర్థమును గూర్చి కాదు. రేవునకు ఇవతలనున్న పొలములలోను, ఆవలి గట్టున ప్రారంభమగు మహారాష్ట్రములోను స్త్రీ చేతికి వచ్చు కూలిని గూర్చి.

రెంజలు, బోధను ప్రాంతములలో ఆడువారికి కూలి ఏల తక్కువ అని యడిగినచో సాధారణముగా వచ్చు సమాధానము, "మొగోళ్ల పని వేరు, ఆడోళ్ల పని వేరు" అని. ఇందు అసత్యము లేదు. దుక్కి, గట్లు చెక్కుట, బస్తాలు మోయుట పురుషులవి. నాటు, కలుపు, చెరకు ముచ్చెలు పెట్టుట స్త్రీలవి. కాని బురదలో దినమంతయు నడుము వంచి నాటు వేయుట, గట్టుపై నిలిచి పార పట్టుటకంటె ఎట్లు తేలికయో మాకు నేటికిని బోధపడలేదు. పనిని వేరుచేసిన చేయియే కూలిని కూడ వేరుచేసినది. సమాన వేతనపు చిక్కంతయు ఇచటనే యున్నది.

1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 39వ అధికరణమున సమానమైన పనికి సమాన వేతనమను ఆదర్శమును నిర్దేశించినది. ఆదేశిక సూత్రము శాసనమగుటకు పాతికేండ్లు పట్టినది: 1975లో ఆర్డినెన్సు, 1976లో సమాన వేతన చట్టము. దాని స్థానమున 2019 నాటి వేతనముల కోడు 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినది. సమము చేయు నెపముతో పురుషుని కూలిని తగ్గించుటను రెండును నిషేధించినవి. కాని రెండును కోరునది ఒక్కటే: పని ఒకటే కావలెను, లేదా ఒకే స్వభావము గలదై యుండవలెను.

అట్లయిన బీడీల సంగతి యేమి? నిజామాబాదు జిల్లాలో చాటను ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టు స్త్రీలు లేని ఊరు అరుదు. తునికాకు తడిపి, కొలతకు కత్తిరించి, తంబాకు నింపి, చుట్టి, దారము కట్టి, మూతి మడిచినచో ఒక బీడీ. కూలి వెయ్యింటికి ఇంత. చుట్టినది ఎవరైనను ధర ఒక్కటే. కాగితముపై భేదమేమియు కానరాదు. అయితే చుట్టువారు దాదాపు అందరును స్త్రీలే. ఇచ్చిన ఆకు చాలక స్వంత డబ్బుతో కొనుట, నాసి యని ఏరివేసిన బీడీలు, ఇవన్నియు ఆ వెయ్యింటి లెక్కనుండి జారిపోవును. దారము కట్టి తోడ్పడిన అత్తగారి శ్రమ ఆ లెక్కకు రానేరాదు. పోల్చుటకు ప్రక్కన పురుషుడు లేడు గనుక చట్టము మౌనము వహించును. 2015లో తెలంగాణ ప్రభుత్వము బీడీ కార్మికులకు నెలకు 1000 రూపాయల పింఛను ప్రారంభించి, 2019లో దానిని 2016 రూపాయలు చేసినది. మేలే, కాని పింఛను కూలి కాదు గదా!

ఇక గోదావరి దాటి మరాఠ్వాడాకు పోదము. ఏటేట చెరకు కోతకై వలసపోవు దంపతులను అచట కలిపి "కోయితా" యందురు. కోయితా యనగా కొడవలి. ఇద్దరు మనుషులు, ఒకే కొడవలి, ఒకే లెక్క. భర్త నరకగా భార్య మోపు కట్టి తలపై మోసి బండి కడకు చేర్చును. టన్నునకు ఇంతయని జంటకు కూలి. ముందుగా ఇచ్చు బయానా సాధారణముగా భర్త చేతిలో పడును. స్త్రీ వేతనము తక్కువ యనుటకైనను వీలులేదు. అది వేరుగా లేనేలేదు.

పేరు మార్చి కూలి తగ్గించుట మన సీమకే పరిమితము కాదు. 1968లో ఇంగ్లండులోని డాగన్‌హాం ఫోర్డు కర్మాగారమున కారు సీట్ల తొడుగులు కుట్టు స్త్రీలు సమ్మె చేసిరి. వారిది నేర్పు అక్కరలేని పనియని తక్కువ తరగతిలో చేర్చి, ఆ తరగతి పురుషుల రేటులో నూటికి 85 వంతులే ఇచ్చుచుండిరి. సమ్మె ఫలితముగా అది 92 అయినది. 1970లో ఆ దేశమున సమాన వేతన శాసనము వచ్చినది. కాని కుట్టుపని నేర్పుగల పనియే యని ఒప్పుకొనుటకు 1984 వరకు ఆగవలసివచ్చినది. మన సుప్రీంకోర్టు 1987లో బొంబాయి స్టెనోగ్రాఫరు ఆడ్రీ డికోస్టా వ్యాజ్యమున, ఉద్యోగము పేరు కాదు, చేయు పనినే చూడవలెనని తీర్పు చెప్పినది.

1951 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ 100వ ఒడంబడిక ఇంకొక అడుగు ముందున్నది. దాని మాట "సమానమైన విలువ గల పని". అనగా పనులు వేరైనను నేర్పు, శ్రమ, బాధ్యతలను తూచి పోల్చవచ్చును; నాటును, గట్టు చెక్కుటను ఒకే త్రాసున పెట్టవచ్చును. భారతదేశము దానిని 1958లోనే ఆమోదించినది. అయినను ఆ మాట 1976 చట్టములోను చేరలేదు, 2019 కోడులోను చేరలేదు.

ఈలోపల పొలములలో ఒక వింత జరిగినది. 2015లో బోధను చక్కెర కర్మాగారము మూతపడిన పిదప ఆ ప్రాంతమున చెరకు తగ్గి వరి పెరిగినది. ఇటీవలి యేండ్లలో తెలంగాణ జిల్లాలకు బీహారు, బెంగాలు నుండి పురుషులు బృందములుగా వచ్చి, ఎకరమునకు ఇంతయని గుత్త మాటాడుకొని నాట్లు వేయుచున్నారు. ఏ పనిని ఆడపని యంటిమో, ఆ పనిలోనే పోల్చుటకు పురుషుడు దొరికినాడు. ఎకరపు గుత్తను తలకు, దినమునకు పంచి, ప్రక్క మడిలో నాటు వేయు స్త్రీ దినకూలితో సరిచూచుటకు పెద్ద గణితము అక్కరలేదు.