అరకు చల్లదనం – దోమతెర మరువకండి



మన చందుర్తి, వేములవాడ, కోరుట్ల ప్రాంతాలలో ఎండలు ఎట్లా ఉంటాయో మీకు చెప్పనక్కరలేదు. బీడీలు చుట్టే తల్లులకు, సిరిసిల్ల మరమగ్గాల దగ్గర నిలబడి పనిచేసే వారికి, పొలం పనుల వారికి ఏడాదంతా తీరిక ఉండదు. కొడుకు గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినప్పుడో, పిల్లలకు క్రిస్మస్ సెలవులు ఇచ్చినప్పుడో, నాలుగు దినాలు ఎటన్నా చల్లటి చోటికి పోయొద్దాం అనుకోవడం మంచి ఆలోచనే. శిష్యులకు అన్నం తినే తీరిక కూడా లేనప్పుడు ప్రభువే వారిని పక్కకు పిలిచి విశ్రాంతి తీసుకొమ్మన్న సంగతి మార్కు సువార్త 6వ అధ్యాయంలో చదువుతాము. విశ్రాంతి కూడా ఆరోగ్యంలో భాగమే.

ఈ మధ్య మన సంఘ కుటుంబాలు చాలామంది అరకులోయకు వెళ్లి వస్తున్నారు. కాజీపేటలోగాని, వరంగల్‌లోగాని రైలెక్కితే ఒక రాత్రి ప్రయాణంలో విశాఖపట్నం చేరతారు. అక్కడినుండి కిరండూల్ రైలులో సొరంగాలు దాటుకుంటూ సుమారు నాలుగు గంటల ప్రయాణం. 2017లో ఈ మార్గంలో అద్దాల పెట్టె కూడా వేశారు. బొర్రా గుహలు, కాఫీ తోటలు, గిరిజన మ్యూజియం, పద్మాపురం తోట – పిల్లలకూ పెద్దలకూ చూడదగినవి. వెళ్లే ముందు మమ్మల్ని రెండు ప్రశ్నలు ఎక్కువగా అడుగుతుంటారు.

గుండెజబ్బు, బి.పి. ఉన్నవారికి అక్కడ గాలి సరిపోతుందా?

సరిపోతుంది. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. ఎత్తు వలన తలనొప్పి, ఆయాసం వచ్చే జబ్బు సాధారణంగా 2,500 మీటర్లు దాటితేనే వస్తుంది. కాబట్టి జబ్బు అదుపులో ఉండి, మందులు సరిగా వాడుతున్నవారు వెళ్లవచ్చును. అయితే బొర్రా గుహలలో మెట్లు చాలా ఉంటాయి, తడికి జారుతాయి. మోకాళ్ల నొప్పులు, గుండెజబ్బు ఉన్న పెద్దలను బలవంతంగా దింపవద్దు.

చలి ప్రదేశం కదా, దోమలు ఎక్కడుంటాయి?

"ఆడ సలి ఉంటది గదా సిస్టరమ్మా, దోమలు యాడుంటయి?" అని ఒక అవ్వ మమ్మల్ని అడిగింది. చాలామంది అనుకునేది ఇదే. పొరపాటు కూడా ఇక్కడే జరుగుతున్నది.

వెయ్యి మీటర్లు పైకి వెళ్తే సుమారు ఆరు డిగ్రీల వేడి తగ్గుతుంది. అందుకే అరకు మనకు హాయిగా ఉంటుంది. మలేరియా క్రిమి దోమ కడుపులో పెరగడానికి కొంత వెచ్చదనం కావాలి. సుమారు 16 డిగ్రీల కంటె తక్కువలో అది పెరగలేదు. 2,200 మీటర్లకు పైగా ఎత్తున్న ఊటీ చలికి అది నిలవడం కష్టం. అరకులో చలికాలపు రాత్రులు ఎంత చల్లగా ఉన్నా, మిగిలిన కాలమంతా ఆ క్రిమికి చాలినంత వెచ్చదనం ఉంటుంది. పైగా కొండవాగుల్లో మెల్లగా పారే నీటిలో మలేరియా దోమ గుడ్లు పెడుతుంది. అంటే అరకు మనకు చల్లన, క్రిమికి మాత్రం వెచ్చన.

దోమ ద్వారానే మలేరియా వ్యాపిస్తుందనడానికి ముఖ్యమైన ఆధారం దొరికింది మన సికింద్రాబాదులోనే. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అనే వైద్యుడు దోమ కడుపులో ఆ క్రిమిని చూశాడు. అరకు, పాడేరు మన్యం చాలాకాలంగా మలేరియాకు పేరుపడ్డ ప్రాంతం. దోమతెరలు, మందు పిచికారీ వలన జబ్బు తగ్గినా, పూర్తిగా పోలేదు. మనం నాలుగు రోజులుండి వస్తాము, అక్కడి గిరిజన కుటుంబాలు ఏడాది పొడుగునా దానితో పోరాడుతున్నాయి. వారిని మీ ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి.

మేము నేర్చుకున్న పాఠం

కొంతకాలం క్రితం దుబాయి నుంచి సెలవుకు వచ్చిన ఒక యువకుడు తల్లిదండ్రులను, భార్యాపిల్లలను అరకు తీసుకొనిపోయాడు. తిరిగివచ్చిన పన్నెండు రోజులకు తల్లికి చలిజ్వరం మొదలైంది. ఊళ్లోనే నాలుగు రోజులు సూదులు, మాత్రలు వాడారు. మా దగ్గరకు వచ్చేసరికి ఆమె కళ్లు పచ్చబడి, మాట తడబడుతున్నది. మేము షుగర్ ఉందా అని అడిగాము, బి.పి. చూశాము, డెంగ్యూ అయివుంటుందేమో అనుకున్నాము. ఈ మధ్య ఎక్కడికైనా వెళ్లివచ్చారా అని మాత్రం అడగలేదు. వారూ చెప్పలేదు. పది రోజులు దాటిన ప్రయాణానికీ ఈ జ్వరానికీ సంబంధం ఉంటుందని వారికెట్లా తెలుస్తుంది?

ఆ సాయంత్రం కోడలు మంచం పక్కన కూర్చుని, మా నర్సమ్మకు సెల్‌ఫోన్‌లో కొండల ఫోటోలు చూపించింది. అప్పుడు విషయం బయటపడింది. వెంటనే రక్తపరీక్ష చేస్తే ఫాల్సిపేరం మలేరియా అని తేలింది. ఇది ముదిరితే మెదడుకు, మూత్రపిండాలకు దెబ్బ తగిలి ప్రాణం మీదికి వస్తుంది. దేవుని కృపవలన, సమయానికి మందు పడినందువలన ఆమె కోలుకున్నది. ఆనాటినుండి జ్వరంతో వచ్చే ప్రతివారినీ "ఈ మధ్య ఊరు దాటి వెళ్లారా?" అని తప్పక అడుగుతున్నాము.

వెళ్లేముందు

1. గర్భిణీలు, ఐదేళ్లలోపు పిల్లలు ఉంటే ముందుగా డాక్టరు గారిని సంప్రదించండి. వానకాలంలోను, ఆ వెంటనే వచ్చే నెలలలోను మలేరియా ఎక్కువ. ఆ రోజుల్లో వెళ్లేవారు ముందుజాగ్రత్త మాత్రలు అవసరమా అని అడగండి.
2. దోమతెర, ఒంటికి పూసుకునే దోమల మందు, పొడుగు చేతుల బట్టలు, స్వెట్టర్లు సర్దుకోండి.
3. షుగర్, బి.పి. మందులు రెండు రోజులవి ఎక్కువగా తీసుకుని చేతిసంచిలోనే పెట్టుకోండి. ఇన్సులిన్‌ను ఎండలో ఆగిన కారులో వదలకండి.

అక్కడ ఉన్నప్పుడు

1. మలేరియా దోమ పొద్దుగూకినప్పటినుండి తెల్లవారేదాకా కుడుతుంది. సాయంత్రం నెగడు చుట్టూ కూర్చున్నప్పుడు కాళ్లూ చేతులూ కప్పుకోండి. చలిగా ఉన్నా దోమతెర కట్టుకొనే పడుకోండి.
2. ఘాట్ రోడ్డు మీద వాంతులయ్యేవారు తక్కువగా తిని, ముందు సీటులో కూర్చోండి.
3. షుగర్ ఉన్నవారు నడక ఎక్కువై భోజనం ఆలస్యమైతే కళ్లు తిరుగుతాయి. జేబులో పంచదారగాని, గ్లూకోజుగాని ఉంచుకోండి.
4. బొంగు చికెన్ రుచి చూడవచ్చు, లోపలిదాకా ఉడికిందో లేదో చూసుకోండి. కాచిన నీరు, లేదా మూత తీయని సీసా నీరు తాగండి.
5. పొదల్లో, గడ్డిలో పడుకోవద్దు. అక్కడి చిన్న పురుగు కుడితే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం రావచ్చు. కుట్టినచోట నల్లటి పెచ్చు కనబడితే డాక్టరుకు చూపించండి.

తిరిగి వచ్చిన తరువాత

మలేరియా జ్వరం దోమ కుట్టిన వెంటనే రాదు. సాధారణంగా పది, పదిహేను రోజులు పడుతుంది. వైవాక్స్ అనే రకం కాలేయంలో దాగి, నెలల తరువాత కూడా బయటపడవచ్చు. కాబట్టి ఇంటికి వచ్చాక జ్వరం వస్తే అదే రోజు రక్తపరీక్ష చేయించుకోండి. మొదటిసారి మలేరియా లేదని వచ్చినా జ్వరం తగ్గకపోతే మళ్లీ చేయించండి. వైవాక్స్‌కు డాక్టరు 14 రోజుల మాత్రలు రాస్తే, మూడోరోజుకే జ్వరం తగ్గిందని ఆపవద్దు. ఒకరి మాత్రలు ఇంకొకరికి ఇవ్వవద్దు.

అన్నిటికన్న ముఖ్యంగా, మేము అడిగినా అడగకపోయినా "మేము అరకు పోయి వచ్చినం" అని ఒక్క మాట చెప్పండి. ఆ మాటతో సరైన పరీక్ష ఆలస్యం లేకుండా జరుగుతుంది.

వెళ్లండి, చల్లగా ఉండి రండి. మీ రాకపోకలలో ప్రభువు మీకు తోడై ఉండునుగాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్, నర్సింగ్ విభాగం తరఫున