పెద్ద కానుక – చిన్న పలకలు

జమ్మలమడుగు, ఎఱ్ఱగుంట్ల ప్రాంతముల నాపరాతిని ఎరుగనివారు మన జిల్లాలో అరుదు. గనిలోని రాయిని ఎవరును ఒక్క దిమ్మగా ఇంటికి తేరు. పొర వెంబడి పలకలుగా చీల్చి, ఒక్కొక్కదానిని తట్టి చూచి, బీట లేనిదానినే బండి కెత్తింతురు. నేడు మేము చెప్పబోవు కంప్యూటరు విషయమునకును ఈ ఉపమానమే చాలును.

లినక్సు వ్యవస్థను 1991 లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించెను. దాని కోడును ఎవరైనను చదువవచ్చును, మెరుగుపరచి పంపవచ్చును. క్రొత్త యంత్రభాగమేదైనను ఆ వ్యవస్థలో పనిచేయవలెనన్న డ్రైవరు అను ప్రోగ్రాము కావలెను. ఒక్కొక్కప్పుడది వేలాది పంక్తుల వ్రాత. అంతటిని ఒక్కసారిగా పంపిన నేమగును?

2016 లో ఏ.ఎం.డి. సంస్థ తన గ్రాఫిక్సు చిప్పులు తెరను నడుపుటకై విస్తారమైన కోడును సమర్పించెను. ఆ విభాగపు సంరక్షకుడు డేవ్ ఎయిర్లీ డిసెంబరులో దానిని నిరాకరించెను. అభ్యంతరము చిప్పుల మీద కాదు, కోడు కూర్పు మీద. ఇతర వ్యవస్థలకును అదే కోడు పనికివచ్చునట్లు సంస్థవారు నడుమ నొక పొరను కల్పించిరి. ఆ పొర వారికి సౌకర్యము, సంరక్షకులకు భారము. ఇచ్చినవారు రేపు వేరు పనికి పోవచ్చును. పుచ్చుకొన్నవారు ఏండ్ల తరబడి దానిని మోయవలెను. పిమ్మట సంస్థవారు కోడును సవరించిరి. 2018 జనవరిలో వెలువడిన 4.15 కెర్నెలులో దానికి చోటు దొరకెను.

దీనినుండి గ్రహింపవలసిన దేమి? నెలల తరబడి గుట్టుగా వ్రాయుటకు ముందే సంరక్షకులతో నిర్మాణమును చర్చింపవలెను. ఏ భాగమునకు ఎవరు సంరక్షకులో ఆ కోడులోనే పట్టికగా ఉన్నది. పిదప పనిని ప్యాచులుగా విడదీయవలెను. ఒక ప్యాచులో ఒకే మార్పు. అది ఏల అవసరమో వివరణ. ముందు ఉమ్మడి కోడులోని మార్పులు, తరువాత డ్రైవరు. ప్రతి మెట్టునందును వ్యవస్థ చెడక నడువవలెను. ఏలయన, రేపు దోషము కనబడినచో మార్పుల వరుసను సగము సగముగా పరీక్షించుచు దోషి ప్యాచును పట్టుకొందురు. నడుమ నొక మెట్టు విరిగినచో ఆ వెదకులాట చిక్కుపడును. ఒక విడతకు సుమారు 15 ప్యాచులు మించరాదని వారి సూచన. ఈ కోడును ఇచ్చు హక్కు తనకు గలదని తెలుపు సంతకపు పంక్తిని ప్రతి ప్యాచునందును చేర్చుట 2004 నుండి ఆచారమైనది.

ప్రొద్దుటూరి బంగారు అంగడిలో నగను గీటురాయిపై గీచినంతమాత్రమున తెచ్చినవాడు అవమానము పొందడు. పులివెందులలో ఇంజనీరింగు చదువు విద్యార్థులకు మేము చెప్పునదియు నిదియే: తిరిగివచ్చిన ప్యాచు తిరస్కారము కాదు, గీటు మాత్రమే. ఆక్షేపణకు జవాబు వ్రాసి, సవరించి, రెండవ విడతగా పంపుడు. మొదట నొక చిన్న దోషమును దిద్దుడు. మీ పలకలు బీటువారవని సంరక్షకులు ఎరిగిన పిమ్మట, పెద్ద బండిని సయితము నమ్మకముతో దింపించుకొందురు.